పట్టు కావాలా.. మన్నిక కావాలా?
స్పోర్ట్స్ బైకు టైర్ల ఎంపికలో తెలుసుకోవాల్సిన అంశాలు

ఆత్మకూరు (నంద్యాల జిల్లా): ఒకప్పుడు పల్లెల్లో బైకు అంటే 100 సీసీ బండి మాత్రమే. నేడు మండల కేంద్రాల్లోనే కాదు, మారుమూల గ్రామాల్లోనూ ఆర్15, డ్యూక్, పల్సర్ వంటి స్పోర్ట్స్ బైకులు కనిపిస్తున్నాయి. కంపెనీ నుంచి వచ్చిన టైర్లు అరిగిపోయిన రోజునే అసలు చిక్కు మొదలవుతుంది. మెత్తటి టైరు వేయించుకుంటే రోడ్డును పట్టుకుంటుంది గానీ త్వరగా అరిగిపోతుందని ఒకరు, గట్టి టైరు ఏళ్ల తరబడి మన్నుతుంది గానీ వానలో జారుతుందని మరొకరు సలహా ఇస్తుంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఏ బండికి, ఏ దారికి, ఏ అవసరానికి ఏది తగినదో తెలుసుకోకుండా కొంటే డబ్బుతో పాటు ప్రాణానికీ ముప్పే.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. ఈ ప్రమాదాలన్నిటికీ టైర్లే కారణం కావు. కానీ బ్రేకు వేసినప్పుడు బండిని ఆపేది చివరికి టైరే అన్న విషయాన్ని చాలామంది విస్మరిస్తున్నారు.

అరచేతంత రబ్బరే ఆధారం

బండి ఎంత బరువున్నా, ఎంత వేగంతో పోతున్నా, ఒక్కో చక్రం కింద రోడ్డును తాకే భాగం దాదాపు అరచేతంత మాత్రమే. ఆ కాస్త రబ్బరు రోడ్డుపై ఉన్న సన్నని కంకర మొనల మధ్యకు ఒదిగిపోయి, తిరిగి యథాస్థితికి వస్తూ ఘర్షణను పుట్టిస్తుంది. దీన్నే మనం పట్టు, గ్రిప్పు అంటున్నాం. రబ్బరు ఎంత మెత్తగా ఉంటే అంత బాగా ఒదుగుతుంది, పట్టు పెరుగుతుంది. అదే సమయంలో ఆ మొనలు రబ్బరును అంత ఎక్కువగా గీరేస్తాయి. పట్టు, మన్నిక ఒకదానికొకటి అడ్డురావడానికి మూలకారణం ఇదే.

ఈ తేడా ఎంత విలువైనదో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనుకు 22 మీటర్లు దూసుకుపోతుంది. ఘర్షణ గుణకం 0.8 ఉన్న పొడి రోడ్డుపై బ్రేకు పడిన తర్వాత బండి ఆగడానికి సుమారు 32 మీటర్లు పడుతుంది. తడి వల్లనో, టైరు అరిగినందువల్లనో ఆ గుణకం 0.5కు పడిపోతే 50 మీటర్లు కావాలి. మధ్యనున్న 18 మీటర్లలో అడ్డొచ్చిన గేదె ఉండవచ్చు, బడి నుంచి వస్తున్న పిల్లవాడు ఉండవచ్చు.

ఒకే టైరులో రెండు రబ్బర్లు

ఈ చిక్కుకు టైర్ల కంపెనీలు కొంతవరకు పరిష్కారం కనిపెట్టాయి. తిన్నటి రోడ్డుపై బండి టైరు నడిమి భాగం మీద నడుస్తుంది. మలుపులో వాలినప్పుడు అంచులపై నడుస్తుంది. అందువల్ల నడుమ గట్టి రబ్బరు, అంచులకు మెత్తటి రబ్బరు వాడే టైర్లు వచ్చాయి. వీటిని డ్యూయల్ కాంపౌండ్ టైర్లు అంటారు. రబ్బరులో మసి పొడితో పాటు సిలికా కలపడం మరో మార్గం. సిలికా ఎక్కువగా ఉన్న రబ్బరు తడి రోడ్డుపైనా, చల్లని వాతావరణంలోనూ మెరుగైన పట్టునిస్తుంది.

టైరు లోపలి అల్లిక కూడా ముఖ్యమే. పాత పద్ధతి క్రాస్‌ప్లై టైరులో దారాల పొరలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి పరుచుకుని ఉంటాయి. ఇవి దృఢంగా ఉంటాయి, ధర తక్కువ. రేడియల్ టైరులో దారాలు అడ్డంగా, ట్రెడ్ కింద ప్రత్యేక పట్టీ ఉంటుంది. పక్క గోడలు సులభంగా వంగుతాయి, వేడి త్వరగా బయటకు పోతుంది. అధిక వేగంలో నిలకడకు, మలుపుల్లో పట్టుకు రేడియలే మేలు. ఆర్15 బండినే తీసుకుంటే 2008లో వచ్చిన తొలి మోడల్‌కు వెనుక 100 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఉండేది. 2011లో రెండో మోడల్‌కు 130 మిల్లీమీటర్ల రేడియల్, 2018లో మూడో మోడల్‌కు 140 మిల్లీమీటర్ల రేడియల్ అమర్చారు.

ఏ తరగతి ఎవరికి?

మార్కెట్‌లో దొరికే టైర్లను స్థూలంగా నాలుగు తరగతులుగా చెప్పుకోవచ్చు. మొదటిది రోజువారీ రాకపోకలకు ఉద్దేశించిన గట్టి రబ్బరు టైరు. మన్నికలో దీనిదే పైచేయి. రెండోది స్పోర్ట్ టూరింగ్. పిరెల్లీ ఏంజెల్ జీటీ, మిషెలిన్ రోడ్ శ్రేణి ఈ కోవకు చెందినవే. దూరప్రయాణాలకు, వానకు అనుకూలంగా వీటిని తయారు చేస్తారు. మూడోది మెత్తటి స్పోర్ట్స్ టైరు. పిరెల్లీ డయాబ్లో రోసో, మెట్జెలర్ స్పోర్టెక్ ఇందుకు ఉదాహరణలు. మలుపుల్లో ధైర్యంగా వాల్చగలిగే పట్టు వీటి సొంతం, కానీ మన్నిక తక్కువ. నాలుగోది పందేల ట్రాక్ టైరు.

ట్రాక్ టైరు మన రోడ్లకు పనికిరాదు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ వంటి పోటీల్లో పొడి ట్రాక్‌పై గాడులే లేని నున్నటి టైర్లు వాడతారు. సుమారు 100 కిలోమీటర్ల పందెం పూర్తిచేస్తే వాటి పని అయిపోయినట్లే. పైగా అవి బాగా వేడెక్కితేనే పట్టునిస్తాయి. పందెగాళ్లు నున్నటి టైర్లు వాడుతున్నారు కదా అని అరిగిపోయిన టైరుతో తిరగడం అజ్ఞానం. పందెపు టైరుది మెత్తటి కొత్త రబ్బరు. మన గుండు టైరుది పాతబడి గట్టిపడిన రబ్బరు. వాన పడితే పందెగాళ్లు సైతం గాడులున్న టైర్లకు మారతారు.

లెక్క వేస్తే తేడా ఎంత?

ధర విషయంలోనూ తొందరపాటు కూడదు. ఉదాహరణకు ఒక గట్టి టైరు 3,500 రూపాయలకు దొరికి 20 వేల కిలోమీటర్లు నడిచిందనుకుందాం. కిలోమీటరుకు 17.5 పైసలు పడుతుంది. 7 వేల రూపాయల మెత్తటి టైరు 10 వేల కిలోమీటర్లకే అరిగిపోతే కిలోమీటరుకు 70 పైసలు. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగేవారికి అదనపు భారం సుమారు 26 రూపాయలు. నెలకు దాదాపు 790 రూపాయలు. కళాశాలకు, ఉద్యోగానికి తిన్నటి రోడ్డుపై నెమ్మదిగా వెళ్లివచ్చేవారికి ఈ ఖర్చు వృథాయే. వారికి మంచి గట్టి టైరు గానీ, డ్యూయల్ కాంపౌండ్ టైరు గానీ సరిపోతుంది. తరచూ ఘాట్ రోడ్లపై, వానల్లో ప్రయాణించేవారికి ఆ అదనపు ఖర్చు బీమా వంటిది.

మన ఎండలు.. మన రోడ్లు

రాయలసీమ వేసవిలో తారు రోడ్డు ఉష్ణోగ్రత గాలి వేడిమి కంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది. వేడెక్కిన మెత్తటి రబ్బరు మరింత త్వరగా అరుగుతుంది. 44వ నంబరు జాతీయ రహదారిపై కర్నూలు నుంచి బెంగళూరు వరకు గంటల తరబడి తిన్నగా పోతే వెనుక టైరు నడిమి భాగమే అరిగి చదునవుతుంది. అలా చదునైన టైరుతో నల్లమలలోని దోర్నాల - శ్రీశైలం ఘాట్ మలుపుల్లో వాల్చితే బండి ఒక్కసారిగా ఒరిగినట్లు అనిపిస్తుంది. అంచుల్లో ట్రెడ్ మిగిలి ఉన్నా అలాంటి టైరును మార్చడమే క్షేమం.

తొలకరి చినుకులకు రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జారుడు పొరగా మారతాయి. దుక్కి నుంచి వచ్చే ట్రాక్టర్లు విడిచే బంకమట్టి, రోడ్లపై ఆరబోసే మొక్కజొన్న గింజలు మరో ప్రమాదం. ఇటువంటి చోట ఎంత ఖరీదైన టైరైనా జారక తప్పదు. ఎందుకంటే అక్కడ రబ్బరుకు రోడ్డే అందదు. వేగం తగ్గించడం తప్ప మరో మార్గం లేదు.

గాలి, ట్రెడ్, వయసు

ఏ టైరు కొన్నా దాని పట్టు, మన్నిక సగం యజమాని చేతిలోనే ఉంటాయి. గాలి తక్కువైతే అంచులు అరిగి టైరు వేడెక్కుతుంది. ఎక్కువైతే నడిమి భాగం అరగడమే కాక రోడ్డును తాకే వైశాల్యం తగ్గిపోతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఒంటరి ప్రయాణానికి, ఇద్దరికి వేర్వేరుగా సూచించిన పీడనాన్ని పాటించాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి.

ట్రెడ్ గాడుల పని నీటిని పక్కకు తోసేయడం. లోతు తగ్గేకొద్దీ నీరు టైరు కింద పొరలా నిలిచి, చక్రం రోడ్డును వదిలేస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనాల టైర్లకు కనీసం 0.8 మిల్లీమీటర్ల ట్రెడ్ లోతు ఉండాలి. గాడుల అడుగున చిన్న దిమ్మెల వంటి అరుగుదల సూచికలు ఉంటాయి. వాటి స్థానాన్ని టైరు పక్క గోడపై త్రికోణంతో గానీ, టీడబ్ల్యూఐ అనే అక్షరాలతో గానీ చూపుతారు. ట్రెడ్ ఆ దిమ్మెలతో సమానమయ్యేదాకా ఆగకుండా వానాకాలానికి ముందే మార్చుకోవడం ఉత్తమం. ట్రెడ్ ఉన్నా పక్క గోడలపై పగుళ్లు కనిపిస్తే రబ్బరు గట్టిపడిందని అర్థం.

కొనే ముందు చూడాల్సినవి

* టైరుపై ముద్రించిన నాలుగంకెల తయారీ సంఖ్య. ఉదాహరణకు 2324 అంటే 2024 సంవత్సరం 23వ వారంలో తయారైనట్లు. దుకాణంలో ఏళ్ల తరబడి మూలనపడిన సరకు వద్దనాలి.
* కొలత. 140/70 ఆర్ 17 66హెచ్ అంటే 140 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం ఎత్తు, రేడియల్, 17 అంగుళాల రిమ్, 300 కిలోల బరువు, గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకునేదని భావం.
* అందం కోసం కంపెనీ సూచించిన దానికంటే వెడల్పు టైరు వేయించరాదు. ఇరుకు రిమ్‌లో టైరు ఆకారం మారి, మలుపుల్లో తాకే భాగం తగ్గుతుంది. మైలేజీ కూడా పడిపోతుంది.
* చక్రం తిరిగే దిశను సూచించే బాణం గుర్తు సరిగ్గా ఉండేలా బిగించాలి.
* ముందు, వెనుక టైర్లు ఒకే తరగతివై ఉండటం మేలు. ఇంజిన్ శక్తిని మోసేది వెనుక చక్రం కనుక అది ముందుగా అరుగుతుంది. కానీ బ్రేకు వేసినప్పుడు భారమంతా ముందు చక్రంపైకి వస్తుంది. ముందు టైరును నిర్లక్ష్యం చేయరాదు.
* కొత్త టైరు ఉపరితలం నునుపుగా ఉంటుంది. మొదటి 100 - 150 కిలోమీటర్లు నెమ్మదిగా, ఎక్కువగా వాల్చకుండా నడపాలి.

టైరు ఎన్ని వేల కిలోమీటర్లు వచ్చిందన్నది గొప్పగా చెప్పుకునే విషయమే. అయితే చివరి రెండు వేల కిలోమీటర్లు మిగుల్చుకోవాలన్న ఆశే పెద్ద ప్రమాదాలకు దారితీస్తుంది. తిరిగే దారిని బట్టి టైరును, టైరును బట్టి వేగాన్ని ఎంచుకున్నవారికే పట్టూ మన్నికా రెండూ దక్కుతాయి.