పూచీ ఎవరిది? ఒక జర్మన్ పల్లె మేయరు కట్టిన బ్యాంకు లెక్క

ఈ కథ 60 అనే అంకెతో మొదలవుతుంది. 1849 డిసెంబరు 1న ప్రష్యా రాజ్యంలోని ఫ్లామర్స్‌ఫెల్డ్ అనే చిన్న ఊళ్లో సుమారు 60 మంది ఆస్తిపరులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. పేద రైతుల కోసం ఆ సంఘం తెచ్చే అప్పుకు తమ యావదాస్తినీ పూచీ పెట్టారు. అప్పు తమది కాదు, వాడుకునేదీ తాము కాదు. సొంత తమ్ముడికి జామీను ఉండాలన్నా పది రోజులు వెనకాముందాడే మనకు అది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సంతకాలు పెట్టించింది ఊరి మేయరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజన్. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. బ్యాంకులో ఒక్కరోజు పనిచేయలేదు. కానీ నేడు ఐరోపాలో వేల బ్యాంకు శాఖల మీద ఆయన పేరే బోర్డు. ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: పేదవాడి అప్పుకు పూచీ ఎవరు ఉండాలి? ఆ ప్రశ్నకు ఆయన మూడు జవాబులు ఇచ్చారు. ఆ మూడు జవాబుల లెక్కే ఈ కథనం.

9 మందిలో 7వ వాడు

రైఫైజన్ 1818 మార్చి 30న జీగ్ నది ఒడ్డున హామ్ అనే ఊళ్లో పుట్టారు. 9 మంది సంతానంలో 7వ వాడు. తండ్రి కొంతకాలం ఊరికి మేయరుగా చేశారు. తర్వాత జబ్బుపడటంతో ఇల్లు నడిపే భారం తల్లి అమాలీ మీద పడింది. బడి చదువు కొద్దిగానే సాగింది. మిగతాది ఊరి పాస్టరు నేర్పారు.

17 ఏళ్లకు ఫిరంగి దళంలో చేరారు. సైన్యంలో పైకి రావలసిన మనిషే, కానీ కంటిజబ్బు అడ్డొచ్చింది. 1843లో సైన్యం వదిలి ప్రభుత్వ కొలువులోకి వచ్చారు. 1845లో, 27 నిండకముందే, వెస్టర్‌వాల్డ్ కొండసీమలోని వైయర్‌బుష్‌కు మేయరయ్యారు. అక్కడ నేల సన్నం, చలి ఎక్కువ. తండ్రి పొలం పిల్లలందరికీ పంచేసే ఆనవాయితీ వల్ల తరం మారేకొద్దీ మడి చిన్నదవుతూ వచ్చింది. రైతుకు భూమి ఉంది, చేతిలో రొక్కం మాత్రం లేదు.

1847: మొదటి జవాబు, రొట్టె

1845 నుంచి ఐరోపా అంతటా బంగాళాదుంపకు తెగులు పట్టింది. 1846లో ధాన్యమూ దెబ్బతింది. ఆ చలికాలం వైయర్‌బుష్ పల్లెల్లో కరువు. ప్రభుత్వం కోబ్లెంజ్ నుంచి సరుకు పంపింది గానీ ఒక షరతు పెట్టింది: రొక్కానికే అమ్మాలి. రొక్కమే ఉంటే కరువెందుకు? మేయరు ఆ షరతును పక్కనబెట్టి పేదలకు అరువు ఇచ్చారు.

తర్వాత కలిగినవాళ్లను కూర్చోబెట్టి డబ్బు పోగుచేశారు. ఆ డబ్బుతో ధాన్యం కొని, ఊరి మధ్య రొట్టెల బట్టీ కట్టించి, బజారు ధర కంటే బాగా తక్కువకు, అదీ అప్పుగా, రొట్టె ఇచ్చారు. పంట చేతికొచ్చాక తీర్చాలి. దీని పేరు రొట్టె సంఘం. ఇక్కడే తర్వాతి కథకంతటికీ విత్తనం పడింది. రొట్టెను దానంగా ఇవ్వలేదు, అప్పుగా ఇచ్చారు. తీసుకున్నవాడి పేరు పక్కన పుస్తకంలో ఒక అంకె నిలిచింది.

5 వాయిదాలు, 1 ఆవు

1848లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు బదిలీ. అక్కడి రైతును పీడించింది పశువుల బేరగాడి ఒప్పందం. చేతిలో డబ్బు లేని రైతు ఆవును అరువుకు తోలుకొస్తాడు. మేత రైతుది, చాకిరీ రైతుది. బాకీ తీరేదాకా ఆవు మాత్రం బేరగాడిదే. దూడలోనూ అతనికి వాటా. ఒక్క వాయిదా తప్పితే ఆవును తోలుకుపోతాడు. కొట్టం ఖాళీ, అప్పటిదాకా కట్టింది గల్లంతు.

ఆయన రెండో జవాబైన 1849 సంఘం ఈ ముడిని ఇలా విప్పింది. సంఘమే ఆవును కొని రైతుకు ఇస్తుంది. ధరను 5 ఏళ్లలో వాయిదాల మీద తీర్చాలి. అయిదేళ్లే ఎందుకు? ఆవు ఈనాలి, పాలివ్వాలి, ఎరువు చేలో పడాలి, పంట రావాలి. ఆ రాబడిలోంచే వాయిదా రావాలి. మూడు నెలల గడువు పెడితే రైతు అదే ఆవును అమ్మి కట్టాలి. గడువును వ్యాపారి క్యాలెండరుతో కాకుండా పశువు కాన్పుతో కొలవడం రైఫైజన్ పద్ధతికి ఆయువుపట్టు. కొన్నాళ్లకు సంఘం పశువులతో ఆగకుండా రొక్కం కూడా అప్పివ్వసాగింది.

ఇక ఆ 60 సంతకాల బలం ఎంతో చూద్దాం. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి:

- 60 మందికి తలా 500 టాలర్ల (అప్పటి ప్రష్యా నాణెం) ఆస్తి అనుకుందాం. మొత్తం 30,000 టాలర్లు.
- సంఘం బయటినుంచి 1,500 టాలర్లు అప్పు తెచ్చింది.
- అప్పిచ్చినవాడికి తన ప్రతి టాలరు వెనక 20 టాలర్ల ఆస్తి కనిపిస్తుంది. కాబట్టి తక్కువ వడ్డీకే ఇస్తాడు.
- పూర్తిగా మునిగిపోయినా, నష్టాన్ని సమానంగా పంచుకుంటే తలకు పడేది 25 టాలర్లు.

ఒంటరి పేదరైతు సంతకానికి విలువ లేదు. 60 సంతకాల కట్టకు పట్నంలో విలువుంది. ఆ విలువను పల్లెకు చేర్చే తూము లాంటిది సంఘం.

1854 నుంచి 1864: పదేళ్ల పాఠం

1852లో రైఫైజన్ రైన్ నది పక్కన, నేడు నోయ్‌వీడ్ పట్టణంలో భాగమైన హెడ్డెస్‌డోర్ఫ్‌కు మేయరుగా వచ్చారు. 1854లో అక్కడ ధర్మసంఘం పెట్టారు. దాని జాబితా చాంతాడంత: దిక్కులేని పిల్లల పోషణ, పనిలేనివారికి పని, జైలు నుంచి వచ్చినవారికి ఆసరా, పొదుపు, అప్పు.

పదేళ్లయ్యేసరికి అందులో బతికి బట్టకట్టింది అప్పుల పని ఒక్కటే. పూచీ ఉన్నవాళ్లకు అప్పు అక్కర్లేదు, అప్పు కావలసినవాళ్లు సంఘంలో లేరు. దాతలకు మొదట ఉన్న ఉత్సాహం ఏడాదికేడాది సన్నగిల్లింది. దయ మీద కట్టిన సంఘం దయ ఉన్నంతకాలమే నిలుస్తుందని ఆయనకు తెలిసొచ్చింది.

తూర్పు జర్మనీలో డేలిచ్ పట్టణానికి చెందిన హెర్మన్ షుల్జె అప్పటికే 1850 నుంచి చేతిపనివారికి, చిల్లర వ్యాపారులకు స్వయంసహాయ రుణసంఘాలు నడుపుతున్నారు. రైఫైజన్ ఆయన నుంచి నేర్చుకున్నారు. 1862లో దగ్గరి ఆన్‌హౌజన్ వంటి పల్లెల్లోనూ, 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లోనూ కొత్త రుణనిధి సంఘాలు వెలిశాయి. నియమం తిరగబడింది: అప్పు కావాలంటే ముందు సభ్యుడు కావాలి. సభ్యుడైతే అందరి అప్పుకూ పూచీ ఉండాలి. దాతల సంతకం స్థానంలో బాకీదారు సంతకమే వచ్చింది. ఇది మూడో జవాబు.

1 ఊరు, 0 జీతం, 0 పంపకం

రైఫైజన్ సంఘం నియమాలను ఈ మూడు అంకెల్లో చెప్పొచ్చు.

1 ఊరు. సంఘం పరిధి ఒక్క చర్చి కిందికి వచ్చే జనం. కారణం భక్తి ఒక్కటే కాదు. ఎవడు తాగుతాడు, ఎవడి చేను బీడు పడింది, ఎవడు చెప్పిన రోజుకు కడతాడు అన్నది పక్కింటివాడికి తెలిసినంతగా ఏ గుమస్తాకూ తెలియదు. అతను ఎగ్గొడితే నష్టం నాకూ పడుతుంది కాబట్టి నా కన్ను అతని మీద ఉంటుంది. విచారణ ఖర్చు, వసూలు ఖర్చు రెండూ దాదాపు సున్నా.

0 జీతం. పాలకవర్గానికి జీతం లేదు. లెక్కలు రాసే కోశాధికారికి మాత్రమే ప్రతిఫలం.

0 పంపకం. లాభం సభ్యులకు పంచరు. అది ఎవరూ విడగొట్టుకోలేని నిధిగా పోగుపడాలి. ఆ నిధి పెరిగేకొద్దీ సభ్యుడి ఆస్తి మీద బరువు తగ్గుతుంది.

ఇందులో ఒక లోపం ఉంది. ఊరంతా రైతులే అయితే అందరికీ విత్తనాల వేళే డబ్బు కావాలి, కోతల తర్వాత అందరూ ఒకేసారి దాచుకుంటారు. ఒక ఊరి పెట్టె ఒక నెల ఖాళీ, ఇంకో నెల పొంగిపొర్లుతుంది. అందుకే ఊళ్ల పెట్టెల మధ్య డబ్బు తిప్పడానికి 1872లో నోయ్‌వీడ్‌లో కేంద్ర సహకార బ్యాంకు పెట్టారు. సంఘాలే సభ్యులుగా ఉన్న ఇలాంటి బ్యాంకు చట్టబద్ధం కాదని షుల్జె పార్లమెంటులో నిలదీశారు. దాన్ని ఎత్తేసి 1876లో జాయింట్ స్టాక్ కంపెనీ రూపంలో కేంద్ర రుణనిధిని నెలకొల్పాల్సి వచ్చింది. సభ్యుల వాటా సొమ్ము ఉండాలని, అప్పు గడువు తక్కువ ఉండాలని కూడా షుల్జె వాదన. పట్నం దుకాణదారుకు అది సరిపోతుంది. ఆవును మేపేవాడికి సరిపోదు.

47 ఏళ్లకే పింఛను, 5 ముద్రణల పుస్తకం

ఆయన సొంత ఖాతా అంత పచ్చగా లేదు. భార్య ఎమిలీ 1863లో పోయింది. టైఫస్, ముదిరిన కంటిజబ్బు కలిసి 1865లో, 47 ఏళ్లకే, కొలువు నుంచి దింపేశాయి. పింఛను చాలక చుట్టల కార్ఖానా పెట్టారు, తర్వాత ద్రాక్షసారా వ్యాపారం చేశారు. ఊళ్లకు బ్యాంకులిచ్చిన మనిషి ఇంటి ఖర్చుకు పీపాలు అమ్ముకున్నారు.

చూపు మసకబారాక పెద్దకూతురు అమాలీయే ఆయన కళ్లు. ఉత్తరాలు చదివి వినిపించేది, ఆయన చెబుతుంటే రాసేది. రుణనిధి సంఘాల మీద ఆయన పుస్తకం 1866లో అచ్చయింది. బతికుండగానే 5 ముద్రణలు పొందింది. ఊళ్లో నలుగురు కూర్చుని సంఘం పెట్టుకోవడానికి కావలసిన నమూనాలు, పద్ధతులు అందులో ఉన్నాయి.

ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. వడ్డీ వ్యాపారం మీద రాసేటప్పుడు ఆయన మాటల్లో యూదుల పట్ల ద్వేషం కూడా దొర్లిందని చరిత్రకారులు చూపారు. బ్యాంకు రూపశిల్పిగా పొగిడేటప్పుడు ఆ పుటనూ తిప్పాల్సిందే.

1888 మార్చి 11న, 70వ పుట్టినరోజుకు 19 రోజుల ముందు, ఆయన చనిపోయారు. అప్పటికి సంఘాలు 400 దాటాయి. మరుసటి ఏడాది వచ్చిన కొత్త సహకార చట్టం పరిమిత పూచీకీ దారి తెరిచింది. యావదాస్తి పూచీ ఆ తర్వాత మెల్లగా పలచబడింది.

10 మంది: మద్రాసు దాకా వచ్చిన లెక్క

ఈ లెక్క తెలుగు జిల్లాలకూ చేరింది. రైతుల అప్పుల బాధకు విరుగుడు వెతకమని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని ఐరోపాకు పంపింది. 1895, 1897ల్లో రెండు సంపుటాలుగా నివేదిక వచ్చింది. ఊళ్లో రైఫైజన్ లాంటి మనిషిని వెతికి పట్టుకోవడమే అసలు పని అన్నది దాని సారం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 10 మంది కలిస్తే సంఘం. పల్లె సంఘమైతే అయిదింట నాలుగు వంతుల సభ్యులు వ్యవసాయదారులే కావాలి, పూచీ అపరిమితం, లాభం నిధికే. హెడ్డెస్‌డోర్ఫ్ అనుభవమే చట్టం భాషలోకి ఎక్కింది.

మన ఊళ్లలో "సొసైటీ" అనే మాట అక్కణ్ణుంచే పుట్టింది. కానీ దారిలో ఒక సంగతి మారింది. పైనుంచి సర్కారు డబ్బు రావడం మొదలయ్యాక సొసైటీ అప్పు పక్కింటివాడి డబ్బు కాకుండా పోయింది. ఎగ్గొడితే నష్టపోయేది ఎవరో ఎరగని సర్కారు. పొరుగువాడి కన్ను మూతపడింది. మాఫీ కోసం ఎదురుచూడటం తప్పు కాకుండా పోయింది. దీనికి పూర్తి వ్యతిరేక దిశలో నడిచినవి పొదుపు సంఘాలు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సర్కారు పెత్తనం లేని సంఘాలకు తోవ చూపింది. డ్వాక్రా గ్రూపులో పదిమంది ఆడవాళ్లు చాప మీద కూర్చుని, ఈ నెల కట్టనిది ఎవరో పేరుపెట్టి అడగడంలో రైఫైజన్ పద్ధతి చెక్కుచెదరకుండా ఉంది.

అప్పు పుస్తకంలో చూడాల్సిన మొదటి గడి వడ్డీ శాతం కాదు. ఎగ్గొడితే ఎవరి కొట్టం ఖాళీ అవుతుందో చెప్పే గడి. పూచీకత్తు మీద పడిన సంతకం పక్కింటివాడిదైతే ఆ సంఘం బతుకుతుంది.