పుట ఒకటే, చూపులు రెండు: లాగిన్‌ను బట్టి బొమ్మలు ఎందుకు జరుగుతాయి?

ధర్మపురి అనగానే ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పాఠకులకు గోదావరి ఒడ్డున వెలసిన నరసింహ క్షేత్రం, శేషప్ప కవి రచించిన నరసింహ శతకం జ్ఞాపకం వస్తాయి. తమిళనాట చదువుకుంటున్న మీకు జ్ఞాపకం వచ్చేది వేరు. పూర్వం తగడూరు అనే పేరున్న ఈ ధర్మపురి, 1965లో సేలం నుండి విడివడిన జిల్లాకు ముఖ్యపట్టణం. కావేరి మీది హొగెనకల్ జలపాతం ఆ జిల్లాలోదే. పేరు ఒకటే, ఊళ్లు రెండు, నదులు రెండు.

ఈ రెండు ఊళ్లనూ వివరిస్తూ ఒక విద్యార్థి తెలుగు వికీపీడియాలో ఒక పుట రాశాడని అనుకుందాం. మొదటి భాగం తమిళనాడులోని ధర్మపురిని గురించి. దానికి కుడివైపున ఒకదాని కింద ఒకటిగా రెండు బొమ్మలు పెట్టాడు, కిందిది హొగెనకల్. రెండవ భాగం గోదావరి తీరంలోని ధర్మపురిని గురించి. దానికి ఎడమవైపున ఆలయం బొమ్మ పెట్టాడు. తన పేరుతో లాగిన్ అయి చూసుకుంటే అన్నీ ఉండవలసిన చోటనే ఉన్నాయి. అదే కంప్యూటరులో లాగౌట్ అయి చూస్తే జలపాతం కిందికి జారి గోదావరి పేరాల పక్కకు చేరింది. ఆలయం బొమ్మ కూడా కొంత దిగువకు పోయింది. ఇది చూసిన పాఠకుడు హొగెనకల్ గోదావరి మీద ఉన్నదని అనుకుంటే తప్పు అతనిది కాదు. కనుక బొమ్మల అమరిక కేవలం అలంకారానికి సంబంధించినది కాదు, అర్థానికి కూడా సంబంధించినది.

ఒకే పుట రెండు విధాలుగా కనిపించడానికి మూలం ఏమిటి? వెబ్ సర్వరుకు స్వతహాగా జ్ఞాపకం లేదు. వచ్చిన ప్రతి అభ్యర్థననూ కొత్తదిగానే చూస్తుంది. అడుగుతున్నది ఎవరో గుర్తుపట్టడానికి కుకీ అనే చిన్న గుర్తుచీటీ 1994లో నెట్‌స్కేప్ సంస్థలో రూపొందింది. లాగిన్ అయినవారి బ్రౌజరు ప్రతిసారీ ఆ చీటీని చూపుతుంది. దానిని బట్టి సర్వరు వారికి తగిన పుటను తయారుచేసి పంపుతుంది. చీటీ లేనివారికి అందరికీ ఉద్దేశించిన పుట వెళ్తుంది. ఈ రెండింటి మధ్య తేడాలు ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది, సొంత అభిరుచులు. వికీపీడియాలో ఖాతా ఉన్నవారు పుట రూపాన్నీ, బొమ్మల పరిమాణాన్నీ ఎంచుకోవచ్చు. పాత వెక్టర్ రూపంలో వాక్యాలు తెర నిండా పరుచుకుంటాయి. వెక్టర్ 2022 రూపంలో పాఠం మామూలుగా ఇరుకైన వరుసలో నిలుస్తుంది. మన విద్యార్థి ఏనాడో చిన్న బొమ్మలు కావాలని ఎంచుకుని మరచిపోయాడు. ఆ ఎంపిక అతని ఖాతాకే పరిమితం.

రెండవది, లాగిన్ అయినవారికి మాత్రమే పుటలో చేరే సామగ్రి. వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైట్లలో లాగిన్ అయినవారికి తెర పైభాగాన ఒక నల్లని పట్టీ కనిపిస్తుంది. దానికి చోటివ్వడానికి పుట మొత్తం 32 పిక్సెళ్లు కిందికి జరుగుతుంది. చిన్న తెరల మీద 46 పిక్సెళ్లు. లెక్కగట్టి ఒక చోట అతికించిన బొమ్మ ఈ పట్టీ ఉన్నప్పుడు సరిగా ఉండి, లేనప్పుడు పైకో కిందికో తప్పుకోవచ్చు.

మూడవది, దాచిన నకలు. ప్రతివారికీ పుటను కొత్తగా తయారుచేయడం సర్వరుకు భారం. అందుచేత లాగిన్ కానివారికి ముందే సిద్ధంచేసి ఉంచిన నకలును పంపుతారు. మీరు ఇవాళ చేసిన దిద్దుబాటు మీకు కనిపిస్తున్నా, పాఠకుడు నిన్నటి నకలునే చూస్తూ ఉండవచ్చు. వికీపీడియాలో పుటను భద్రపరచినప్పుడు నకలు మామూలుగా దానంతటదే మారుతుంది. పుటలో వాడిన మూసను మార్చినప్పుడు మాత్రం ఆలస్యం కావచ్చు.

ఇక మన జలపాతం ఎందుకు జారింది? కుడివైపు బొమ్మ పెట్టడమంటే దానిని ఆ పేరాకు మేకు కొట్టడం కాదు. బొమ్మ పక్కకు తేలుతుంది, పాఠం దాని చుట్టూ ప్రవహిస్తుంది. ఒకే వైపున్న రెండవ బొమ్మ మొదటిది ముగిసిన తరువాతనే మొదలవుతుంది. చిన్న బొమ్మలైతే రెండూ మొదటి భాగంలోనే ఇమిడాయి. లాగౌట్ అయ్యాక బొమ్మలు పెద్దవయ్యాయి. పాఠం అయిపోయినా మొదటి బొమ్మ ఇంకా ముగియలేదు. కనుక జలపాతం రెండవ భాగంలో మొదలైంది. తేలే బొమ్మ తనకంటే ముందు వచ్చిన తేలే బొమ్మ పైఅంచును దాటి పైకి పోరాదని నియమం. అందువల్ల ఎడమవైపున ఉన్న ఆలయం కూడా దిగువకు నెట్టబడింది.

లోపం ఎక్కడున్నదో కనుక్కోవడానికి ఒక క్రమం ఉన్నది. బ్రౌజరులో ప్రైవేటు కిటికీ తెరవండి. అందులో మీరు లాగిన్ కానివారే. రెండు కిటికీలనూ ఒకే వెడల్పులో, 100 శాతం పరిమాణంలో పక్కపక్కన పెట్టండి. ఈ జాగ్రత్త లేకపోతే కిటికీ వెడల్పు తేడానే లాగిన్ తేడాగా భ్రమపడతాం. పాఠం కూడా పాతదిగా ఉంటే నకలును అనుమానించండి. పాఠం ఒకటై, పుట మొత్తం ఒకే కొలతలో జరిగితే పట్టీని అనుమానించండి. బొమ్మల పరిమాణమో వరుస వెడల్పో మారితే మీ అభిరుచులను చూసుకోండి. ఒకేసారి ఒక్కటే మార్చి చూడండి. రెండు కలిపి మారిస్తే కారణం చిక్కదు.

దిద్దుబాటు కష్టం కాదు. ఒక చిన్న భాగానికి ఒక్క బొమ్మ చాలు. ఎక్కువైతే చివర వరుసగా పేర్చండి. భాగం ముగిసేచోట, పై బొమ్మలు పూర్తయ్యాకే తరువాతి భాగం మొదలయ్యేట్లు చేసే ఆదేశం ఉంచండి. మీ తెరకు అందంగా ఉన్నదని ఖాళీ వరుసలతో బొమ్మను నెట్టకండి. అది మీ తెర మీదనే నిలుస్తుంది. బొమ్మ కింద ఊరు, నది, జిల్లా పేర్లతో వ్యాఖ్య రాయండి. ఫోనులో బొమ్మలు పక్కకు తేలక పాఠం మధ్యలో నిలుస్తాయి కనుక అక్కడా ఒకసారి చూడండి.

ఇల్లు అలికినవారికి ఇల్లు బాగానే కనిపిస్తుంది. గుమ్మం బయట నిలబడి చూసినప్పుడే వంకర తెలుస్తుంది. మీ ఊరి ధర్మపురిని ఎన్నడూ చూడని తెలుగు పాఠకుడు లాగిన్ కాకుండానే వస్తాడు. రాసిన పుటను ముగించేముందు ఒకసారి అతని వలె బయటినుండి వచ్చి చదవండి.