కొండాపూర్ మట్టిలో అగస్టస్ నాణెం

ప్రగతి నగర్‌లో మేము సాయంత్రం పూట పిల్లలకు ప్రవక్తల చరిత్ర చెబుతుంటాం. ఆ మధ్య ఏడో తరగతి కుర్రవాడొకడు, "ఉస్తాద్! ఈ ప్రవక్తలంతా ఉన్న కాలంలో మన దగ్గర ఎవరుండేవారు?" అని అడిగాడు. మిస్ర్, బైతుల్ మఖ్దిస్, బాబిలోన్ అంటూ గడగడా చెప్పే మాకు జవాబు వెంటనే తోచలేదు. నిజానికి ఆ జవాబు ఎక్కడో దూరాన లేదు. దాన్ని మట్టిలోంచి వెలికి తీసినవారిలో ఉర్దూ పండితులే ముందున్నారు.

ఆ చోటు పేరు కొండాపూర్. పేరు వినగానే మన పిల్లలకు హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూరే గుర్తుకొస్తుంది. అది కాదు. మేము చెప్పేది సంగారెడ్డి దాటాక ఉండే పల్లెటూరు. ఆ ఊరి దగ్గర కోటగడ్డ అనే దిబ్బ ఉంది. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ గారు 1940 దశకం మొదట్లో దాన్ని తవ్వించారు. ఇటుక కట్టడాలు, పూసలు, మట్టి బొమ్మలు, శాతవాహనుల సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇది క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 200 దాకా వర్ధిల్లిన పట్టణమని ఆయన తేల్చారు.

అక్కడ దొరికినవాటిలో ఒక బంగారు నాణెం ఉంది. అది రోమ్ చక్రవర్తి అగస్టస్‌ది. ఆయన క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు పాలించాడు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) జన్మించింది ఆయన ఏలుబడిలోనే. లూకా సువార్త ఆ చక్రవర్తి పేరు చెబుతుంది కూడా. బీబీ మర్యమ్ (అలైహస్సలాం) కాలంలో అక్కడి బజారులో చెల్లిన సొమ్ము మన మెతుకు సీమకు ఎలా చేరింది? వ్యాపారం ద్వారా. మిస్ర్ రేవుల నుంచి ఎర్ర సముద్రం మీదుగా, రుతుపవనాల గాలి వాలున ఓడలు వచ్చేవి. మిరియాలు, నూలు బట్టలు, రత్నాలు తీసుకుని బంగారం ఇచ్చి వెళ్లేవి. భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు తరలిపోతున్నాయని రోమ్ రచయిత ప్లినీ వాపోయాడు.

ఇంకా వెనక్కి వెళితే హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కాలం, అంటే క్రీ.పూ. 1000 ప్రాంతం. ఇనుమును ఆయన కోసం మెత్తబరిచిన సంగతి ఖుర్ఆన్‌లో ఉంది. అప్పటికే దక్కనులోనూ ఇనుము కరిగించేవారున్నారు. చనిపోయినవారి పక్కన ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు కుండలు పెట్టి, చుట్టూ బండరాళ్లు పేర్చేవారు. వీటినే పల్లెల్లో రాకాసి గుళ్లు అంటారు. మౌలాలి ప్రాంతంలో నిజాం కాలంలోనే ఇలాంటి సమాధులను తవ్వారు. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలోనూ బయటపడ్డాయి.

'ఇస్లాంకు ముందటి రాళ్లూ రప్పలతో మనకేం పని?' అనేవారు మనలో ఉన్నారు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు మొదటి అధిపతి గులాం యజ్దానీ సాహెబ్ అలా అనుకోలేదు. అజంతా బౌద్ధ గుహల చిత్రాల మీద ఆయన నాలుగు సంపుటాలు వెలువరించారు. నమాజు, రోజా విడవకుండానే ఈ పని చేయవచ్చునని మా ఉద్దేశం.

ఇప్పుడు మన చుట్టూ రోజూ సెల్లార్లు తవ్వుతున్నారు. జేసీబీకి కుండ పెంకు ఏదో, రాయి ఏదో తెలియదు. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు మన ఇళ్లలోనూ ఉన్నారు కాబట్టి చెబుతున్నాం. పది రూపాయలకు మించిన విలువగల పాత నిక్షేపం నేలలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. గుండ్రంగా పేర్చిన పెద్ద రాళ్లు, వాటి కింద నలుపు ఎరుపు పెంకులు కనబడితే పని ఆపి పురావస్తు శాఖకు కబురు చేయండి.

ఆ కుర్రవాణ్ణి, మిగతా పిల్లల్నీ సంగారెడ్డి వైపు కొండాపూర్ తీసుకెళ్లాలనుకున్నాం. దిబ్బ దగ్గరే కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. జుమా రోజు బడికి సెలవు కదా అని శుక్రవారం బయలుదేరకండి, ఆ రోజు మ్యూజియానికీ సెలవే.