మంచుకొండకెళ్లి పాదం కాల్చుకొచ్చారు

సంక్రాంతి వెళ్లిన మర్నాడు మా ఓపీలో కాలు పెట్టే చోటుండదు. పండగ నాలుగు రోజులూ దాచుకున్న జబ్బులన్నీ ఆ రోజే బయటికొస్తాయి. కిందటేడు ఆ వరుసలో భీమవరం వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చారు. వయసు యాభై రెండు. షుగర్ వచ్చి పదకొండేళ్లు. కుడి పాదానికి చుట్టిన తువ్వాలు విప్పితే వేళ్ల కింద చర్మం ఊడి, చిటికెన వేలు నల్లబడి ఉంది.

ఏమైందని అడిగితే పక్కనున్న కొడుకు చెప్పాడు. క్రిస్మస్ సెలవుల్లో తండ్రిని కూడా వెంటబెట్టుకుని ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు ట్రెకింగ్‌కు వెళ్లాడట. ఉత్తరకాశీ జిల్లాలో పన్నెండున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న శిఖరం అది. చలికాలంలో పైనంతా మంచే. నేను వెంటనే ఫ్రాస్ట్‌బైట్ అనుకున్నాను, అంటే చలికి కండ గడ్డకట్టి చచ్చిపోవడం. "కాదండి, కాలిందండి" అన్నారాయన. కొండ దిగి సాంక్రీ గ్రామంలో బస చేసిన ఇంటికి చేరేసరికి పాదాలు కొయ్యబారిపోయాయి. గదిలో ఇనప పొయ్యి మండుతుంటే దానికి దగ్గరగా కాళ్లు చాపి కూర్చున్నారు. "ఆయ్, సెగ తగులుతున్నట్టే తెలవలేదండి డాక్టరు గారూ. వాసనొచ్చాక మావోడు లాగేశాడండి."

ఇంటికొచ్చాక మూడు వారాలు సొంత వైద్యం చేసుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి చిటికెన వేలిని కాపాడలేకపోయాం. మిగతా పాదం మానడానికి ఉగాది దాటింది.

ఒకప్పుడు మన జిల్లాల వాళ్లకు చలికాలం షికారంటే పాపికొండల పడవ, మారేడుమిల్లి, మహా అయితే గుడిస కొండమీద సూర్యోదయం. ఇప్పుడు డిసెంబరు వచ్చిందంటే వీపున సంచి తగిలించుకుని మంచుకొండలకు రైలెక్కే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వెళ్లాల్సిందే, అందులో తప్పేమీ లేదు. కొందరు అమ్మానాన్నల్నీ తీసుకెళ్తున్నారు. అయితే కెమెరా గురించి చేసే పరిశోధనలో నాలుగో వంతు కూడా కాళ్లకేం వేసుకోవాలన్న దాని మీద చేయడం లేదు. మా రైతు వేసుకెళ్లింది కొడుకు పాత స్పోర్ట్స్ షూ. చలి కదాని లోపల మూడు జతల నూలు సాక్సులు. ఆ మూడు జతలే కొంప ముంచాయి.

సాక్సు వేడి పుట్టించదు

కాలివేళ్లలో ఎముక, నరం, చర్మం తప్ప వేడిని పుట్టించేంత కండ లేదు. వాటికి వేడి అందేది రక్తంతోనే. ఒంటికి చలేస్తే మెదడు ముందుగా గుండె, కాలేయం వంటి లోపలి అవయవాల సంగతి చూసుకుంటుంది. కాళ్లూ చేతుల చర్మంలో రక్తనాళాలను బిగించేస్తుంది. అందుకే మొదట చల్లబడేవి వేళ్లు. సాక్సూ బూటూ ఆ రక్తం తెచ్చిన వేడిని బయటికి పోకుండా ఆపుతాయంతే. బూటు లోపల వేళ్లు ఆడించడానికి చోటు లేకుండా మూడు సాక్సులు కుక్కితే, చలికి ముందే బిగిసిన నాళాలను మనం ఇంకాస్త నొక్కినట్టు. పైగా మెత్తటి సాక్సు మందంలో దాగి ఉండే గాలే చలిని ఆపుతుంది. నలిగిపోయిన సాక్సులో ఆ గాలి మిగలదు.

రెండోది తడి. గాలితో పోలిస్తే నీరు ఒంట్లోంచి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు సాక్సు చెమటను పీల్చుకుని పట్టుకుని కూర్చుంటుంది. మన వాతావరణానికి అది బాగానే ఉంటుంది కానీ మంచులో నాలుగు గంటలు నడిచి ఆగిన పది నిమిషాలకే ఆ తడి ఐసులా మారుతుంది. ఉన్ని సాక్సు తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. మెరీనో ఉన్ని గానీ, ఉన్నీ సింథటిక్ నూలూ కలిపి నేసినది గానీ ఒక మందపాటి జత చాలు. బొబ్బలెక్కే పాదాలైతే లోపల పల్చటి సింథటిక్ సాక్సు వేసుకోవచ్చు. బూటులో చోటుంటేనే సుమా.

చలి మనకు కొత్త. రాజమండ్రిలో తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగితే మఫ్లరు చుట్టుకుంటాం. మన పాదాలకు తెలిసిన కష్టాలు వేరు. ఎండకు మడమలు పగలడం, చేలో నీళ్లలో నిలబడి వేళ్ల సందులు ఒరిసిపోవడం. చలిలో బిగిసిన నాళాలు మధ్యమధ్యలో కాసేపు తెరుచుకుని వేళ్లకు రక్తం పంపుతాయి. థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు 1930లో దీన్ని వర్ణించాడు. తరతరాలుగా చలిలో బతికేవారిలో ఈ గుణం బలంగా కనిపిస్తుంది. మనలో ఆ సౌకర్యం తక్కువనే అనుకుని జాగ్రత్తపడటం మంచిది. అలాగని మైదానం వాళ్లు మంచు జోలికే పోకూడదని కాదు. నిజామాబాద్ జిల్లా పల్లెటూరి పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కలేదా? కాకపోతే దానికి ముందు భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్‌ల దాకా వెళ్లి సాధన చేశారు. సెలవు పెట్టి శుక్రవారం బయల్దేరే మనకు అంత సమయం ఉండదు కనుక కాలికి వేసుకునేదాని మీద శ్రద్ధ పెట్టాలి.

కొనేటప్పుడు

షాపుకు సాయంత్రం వెళ్లండి. నిలబడి తిరిగిన పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది, కొండమీదా అంతే. ట్రెక్‌లో వేసుకోబోయే సాక్సును జేబులో పెట్టుకెళ్లి దానితోనే తొడిగి చూడండి. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. లోపల అయిదు వేళ్లూ ఆడాలి, మడమ మాత్రం లేవకూడదు. మెట్లు దిగి చూడండి. వేళ్లు ముందుకెళ్లి గుద్దుకుంటే ఆ బూటు వద్దు, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే గోళ్లు నల్లబడతాయి. చిన్నప్పటి నుంచీ చెప్పుల్లోనో, ఉత్త కాళ్లతోనో పెరిగిన పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. పొడవు సరిపోయినా పక్కలు నొక్కుతుంటాయి. సైజు పెంచడం కాదు, వెడల్పు రకం అడగండి.

చీలమండ దాటే ఎత్తు, నీరు లోపలికి రాని పొర, అడుగున లోతైన గాళ్లు ఉంటే మామూలు చలికాలపు ట్రెక్‌కు సరిపోతుంది. బూటుకూ ప్యాంటుకూ మధ్య మంచు దూరకుండా గైటర్లు, గడ్డకట్టిన మంచు మీద జారకుండా బూటుకు తొడిగే ఇనప ముళ్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి. చెరువు గట్ల మీద వాడే గమ్‌బూట్లు నీటిని ఆపుతాయి గనుక పనికొస్తాయని ఒకాయన నాతో వాదించారు. బయటి నీరు రాదు, నిజమే. లోపలి చెమట కూడా పోదు, చలిని ఆపే పొర కూడా ఉండదు. ఫ్యాక్టరీ సేఫ్టీ షూ కూడా వద్దు. 

అటక మీది పాత ట్రెకింగ్ బూట్ల గురించి ఒక హెచ్చరిక. కొన్నిటి మధ్య సోల్ పాలీయురేథేన్ నురగతో చేస్తారు. అది గాలిలోని తేమకు ఏళ్ల తరబడి లోలోపలే చివికిపోతుంది. మన డెల్టా తేమ సంగతి చెప్పాలా? చూడ్డానికి కొత్తగా ఉన్న బూటు కొండమీద రెండో రోజు అడుగూడి చేతికొస్తుంది. కొత్తవైనా సరే కనీసం మూడు వారాలు వాడి కాలికి అలవాటు చేయాలి. మన నేలంతా బల్లపరుపు కాబట్టి కాలవ గట్టు మీద నడక ఒక్కటే చాలదు. బరువు సంచితో అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగండి. వాచ్‌మన్ నవ్వినా ఫర్వాలేదు.

కొండమీద

రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే వేసుకునే పొడి జత ఒకటి విడిగా ఉంచుకోండి. ఎంత బద్ధకమేసినా దానితో నడవకండి. తడిసిన సాక్సులు స్లీపింగ్ బ్యాగులో ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే తెల్లారేసరికి చాలావరకు ఆరతాయి. బూట్లను టెంటు బయట వదిలితే పొద్దున రాళ్లవుతాయి, లోపల పెట్టుకోండి. ఆరడానికి పాత పేపరు కుక్కండి, మంట దగ్గర పెడితే జిగురు ఊడుతుంది. వేళ్లు చల్లబడుతుంటే సాక్సు వెతికేకన్నా ముందు టోపీ, జాకెట్ వేసుకుని ఏదైనా తినండి. ఒళ్లు వెచ్చబడితేనే మెదడు పాదాలకు రక్తం వదులుతుంది. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంటి వేడి బయటికే పోతుంది. సిగరెట్, మన లంక పొగాకు చుట్ట రక్తనాళాలను మరింత బిగిస్తాయి.

గుడిసకు తెల్లవారుజామున జీపులో వెళ్లేవారికి ఇంత హంగామా అక్కర్లేదు. అక్కడ సమస్య మంచుతో తడిసిన గడ్డి. చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్లి, సంచిలో ఒక జత సాక్సులు ఉంచుకుంటే చాలు.

షుగర్ ఉంటే

మా రైతుకు సెగ తెలియకపోవడానికి కారణం చలి ఒక్కటే కాదు. షుగర్ వల్ల పాదాల నరాలు ఏనాడో మొద్దుబారాయి. ఆయనకా సంగతి తెలియదు, ఎవరూ పరీక్షించలేదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూసే పరీక్షకు అయిదు నిమిషాలు పట్టదు. అయిదేళ్లకు మించి షుగర్ ఉన్నవారు టికెట్ తీసుకునేముందే అది చేయించుకోవాలి, పాదంలో నాడి కూడా చూపించుకోవాలి. స్పర్శ పోయినవాళ్లు మంచు ట్రెక్‌కు వెళ్లొద్దనే నా సలహా. వెళ్లి తీరతామంటే రోజుకు మూడుసార్లు బూట్లు విప్పి ఇంకొకరి చేత పాదాలు చూపించుకోవాలి. బీపీకి అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడేవారికి వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. సొంతంగా మానేయకండి, మీ డాక్టరుతో మాట్లాడండి. ఎత్తు పడకుండా వేసుకునే డయమాక్స్ మాత్ర వేళ్లలో చిమచిమలు పుట్టిస్తుంది. అది మాత్ర వల్లే కదాని చలి దెబ్బను పట్టించుకోని వాళ్లున్నారు. చిమచిమ పోయి ఏమీ తెలియని స్థితి వస్తే అది మాత్ర పని కాదు.

వేలు తెల్లగా, మైనంలా మారి స్పర్శ పోతే నడక ఆపి కిందికి దిగాలి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. మంటకు, పొయ్యికి, వేడినీళ్ల సంచికి ఆనించకూడదు. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో పాదం ముంచాలి. నీటి వేడి చూడాల్సింది దెబ్బ తగలనివాళ్లు, వాళ్ల మోచేతితో. రంగు తిరిగొచ్చేటప్పుడు నొప్పి విపరీతంగా ఉంటుంది, అది మంచి లక్షణమే. బొబ్బలు చిదపకండి. తీవ్రంగా ఉంటే మొదటి 24 గంటల్లో పెద్దాసుపత్రికి చేరాలి, నాళాల్లో గడ్డలు కరిగించే మందులు పనిచేసేది అప్పుడే. ఇంటికొచ్చాక మొద్దుబారిన వేలు, నల్లని మచ్చ, మానని బొబ్బ ఏది కనిపించినా మర్నాడే రండి. వచ్చేటప్పుడు ఆ బూట్లూ సాక్సులూ కూడా సంచిలో వేసుకురండి, ఎక్కడ ఒరుసుకుందో చూడటానికి మాకు పనికొస్తాయి.