ఒకే యాప్ రెండోసారి ఎందుకు ఎక్కదు?

ఐనవిల్లి లాంటి ఊళ్లో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే ఇంటిపేరు చూసి పోల్చుకుంటాం. ఆండ్రాయిడ్ ఫోన్ పనీ అలాంటిదే. తెర మీది పేరునీ బొమ్మనీ అది నమ్మదు. ప్రతి యాప్‌కీ లోపల ప్యాకేజీ పేరు ఒకటి ఉంటుంది. స్నేహితుడు పంపిన ఏపీకే (యాప్‌ని ఎక్కించే) ఫైలు తెరవగానే ఆ పేరుతో ముందే యాప్ ఉందేమో వెతుకుతుంది. ఉంటే, తయారీదారు రహస్య తాళంచెవితో పెట్టిన డిజిటల్ సంతకాలను పోలుస్తుంది. కలిస్తే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. కలవకపోతే అక్కడే ఆపేస్తుంది. ఈ పట్టింపు చాలా అవసరం. లేకుంటే నకిలీ యాప్ అసలుదాని చోట కూర్చుని, అది దాచిన సందేశాలన్నీ చదివేసేది!

సంతకం కలిసినా వెర్షన్ సంఖ్య పాతదైతే మామూలుగా ఒప్పుకోదు. సంతకం కలవక ఆగిపోయినప్పుడు అసలు యాప్‌ని తీసేస్తే నకిలీ ఎక్కేయగలదు, కాబట్టి తీసేయకండి. ప్లే స్టోర్‌లోనే అప్‌డేట్ చేసుకోండి.