పోస్టింగు అక్కడ... పురుడెక్కడ?

సైనికుడి ఇంట్లో రెండు తేదీలకు ఒక్కోసారి అస్సలు పడదు. ఒకటి బదిలీ ఉత్తర్వులో ఉన్న తేదీ. రెండోది డాక్టరమ్మ కార్డు మీద రాసిన ప్రసవం తేదీ. మొదటిది మార్చడం జవాను చేతుల్లో లేదు. రెండోది ఎవరి చేతుల్లోనూ లేదు. నల్ల ట్రంకుపెట్టెలు సర్దుకుంటూ, నిండుతున్న పొట్టతో ఆ రెండింటి మధ్యా నలిగేది ఇల్లాలే!

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ సైన్యంలోకి బిడ్డల్ని పంపుతూ 'మిలిటరీ మాధవరం'గా పేరు తెచ్చుకుంది. అలాంటి ఊళ్లో కోడలికి బదిలీల గురించి చెప్పడానికి అత్తగారో వదినగారో దగ్గర్లోనే ఉంటారు. మరి, చుట్టుపక్కల సైనిక కుటుంబమే లేనిచోట పుట్టి, జవానును పెళ్లాడిన అమ్మాయి సంగతేమిటి? అందులోనూ ఆమె పుట్టిల్లు ఏ మారేడుమిల్లి కొండల్లోనో ఉంటే? చెప్పేవాళ్లు తక్కువ, నడవాల్సిన దారి ఎక్కువ. అలాంటి ఇంటిని దృష్టిలో పెట్టుకుని ఆలోచిస్తే, మిగతావాళ్లకూ దారి దొరుకుతుంది.

మొదటి ప్రశ్న ఇదీ!

పోస్టింగు ఆర్డరు రాగానే ఇంట్లో మాటలన్నీ సామాను చుట్టూ తిరుగుతాయి. గ్యాసు కనెక్షను, పెద్దపిల్లాడి టీసీ, బీరువా, మంచం... ఆ హడావుడిలో అసలు ప్రశ్న వెనకబడుతుంది. బిడ్డ ఎక్కడ పుట్టాలి? ఇది తేలితే మిగతావన్నీ దాని వెంటే తేలతాయి. తేలకపోతే ఏడో నెల పాత ఊళ్లో, ఎనిమిదో నెల కొత్త క్వార్టరులో, తొమ్మిదో నెల రైల్లో గడిచిపోతాయి.

చాలామంది అనుకునేదేమిటంటే, భర్త వెళ్లిన రోజే భార్యా వెళ్లితీరాలని. అక్కర్లేదు. కుటుంబం తర్వాత కదిలినా బదిలీ ప్రయాణ ఖర్చులు రాబట్టుకునే వీలుంది. దానికి గడువెంతో యూనిట్ ఆఫీసులో క్లర్కును అడిగి, బయల్దేరకముందే తెలుసుకోవాలి. ఏడో వేతన సంఘం నిబంధనల ప్రకారం ఇల్లు మార్చినందుకు ఇచ్చే బదిలీ గ్రాంటు మూల వేతనంలో 80 శాతం. ఫీల్డ్ పోస్టింగ్ అయితే ఆ ప్రశ్నే లేదు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడం కుదరదు కాబట్టి, ఆ కాలానికి కుటుంబం వేరేచోట ఉండటానికి సైన్యంలో ఏర్పాట్లున్నాయి. పీస్ స్టేషన్‌కు బదిలీ అయినా క్వార్టరు వెంటనే దొరుకుతుందన్న భరోసా లేదు. వరుస రావాలి. నెలలు నిండిన మనిషి అద్దె ఇంటి కోసం మెట్లెక్కి దిగే పరిస్థితి తెచ్చుకోకూడదు.

పుట్టిల్లా... క్వార్టరా?

తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. శ్రీమంతం చేసి, బేసి నెల చూసి తీసుకెళ్తారు. ఎనిమిదో నెలలో గడప దాటనివ్వరు. పెద్దలు చెప్పే అయిదో నెల డాక్టర్ల లెక్కకూ సరిపోతుంది. ఎందుకంటే పద్నాలుగు నుంచి ఇరవై ఎనిమిది వారాల మధ్య కాలమే దూర ప్రయాణాలకు అనువైంది. వేవిళ్లు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా బరువెక్కి ఉండదు. ఏడో నెల మొదట్లో అయినా పర్లేదు. చిక్కల్లా తొమ్మిదో నెలతోనే. మంచి ముహూర్తం కుదిరినంత మాత్రాన, ముప్ఫై గంటల రైలు ప్రయాణానికి అది మంచి నెల కాదు.

ఇక పుట్టిల్లు మారేడుమిల్లి అయితే ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. ఆపరేషను అవసరమైతే కొండ దిగి రంపచోడవరం ఏరియా ఆసుపత్రికి రావాలి. అంతకు మించిన వైద్యం కావాలంటే రాజమహేంద్రవరం వెళ్లాలి. అది దాదాపు 85 కిలోమీటర్లు. చింతూరు వైపు వెళితే అంతా మలుపుల ఘాట్ రోడ్డే. రోడ్డు పక్క ఊళ్ల సంగతిది. లోపలి కొండరెడ్ల గూడేల నుంచయితే తారురోడ్డు చేరేదాకా డోలీయే వాహనమైన రోజులు చాలానే ఉన్నాయి. వానాకాలంలో వాగు పొంగితే ఆ డోలీ కూడా ఆగిపోతుంది.

అయితే పుట్టింటి మీద ఆశ వదులుకోవాలా? అవసరం లేదు. దీనికి మన్యమే ఒక ఉపాయం చూపించింది. సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ 2018లో గిరిజన గర్భిణుల కోసం వసతిగృహం తెరిచింది. ప్రసవానికి ముందే కొండ దిగి వచ్చి, ఆసుపత్రికి దగ్గర్లో ఉండి, పురుడయ్యాక బిడ్డతో ఇంటికి వెళ్లాలన్నది ఆలోచన. నొప్పులొచ్చాక పరుగెత్తడం కాదు, నొప్పులకు ముందే మకాం మార్చడం. సైనికుల కుటుంబాలూ ఇదే పాటించొచ్చు. అయిదో నెలలోనో ఏడో నెల మొదట్లోనో పుట్టింటికి రావడం, అమ్మ చేతి వంట తినడం, ఆఖరి రెండు మూడు వారాలు మాత్రం ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింట్లోనో అద్దె గదిలోనో ఉండటం. బీపీ, మధుమేహం, కవలలు, ముందు కాన్పు సిజేరియన్... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అంతకంటే ముందే దిగాలి. ఎప్పుడన్నది డాక్టరే చెప్పాలి.

మిలిటరీ ఆసుపత్రిలో అయితే...

సర్వీసులో ఉన్న జవాను భార్యకు మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. దానికి రెండు షరతులు. పెళ్లి సంగతి యూనిట్ రికార్డుల్లో, అంటే 'పార్ట్ టూ ఆర్డర్'లో నమోదు కావాలి. ఆమె పేరున డిపెండెంట్ కార్డు ఉండాలి. పెళ్లయి ఏడాదైనా ఈ పని చేయించుకోకపోతే, గర్భం నిలిచిన మరుసటి రోజైనా మొదలుపెట్టాలి.

తెలుగు నేల మీద సికింద్రాబాద్‌లో మిలిటరీ ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో నౌకాదళానికి 'ఐఎన్‌ఎచ్‌ఎస్ కళ్యాణి' ఉంది. మారేడుమిల్లి నుంచి చూస్తే ఆ రెండింటిలో విశాఖే దగ్గర. అయినా ఆ దూరం నొప్పులతో వెళ్లేది కాదు. ఇక చాలామంది పొరపడేది 'ఈసీహెచ్‌ఎస్' విషయంలో. ఆ పథకం మాజీ సైనికులకూ వాళ్ల మీద ఆధారపడినవాళ్లకూ. సర్వీసులో ఉన్న జవాను భార్య దాని పాలీక్లినిక్ మీద లెక్క పెట్టుకోకూడదు. ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే డబ్బు తిరిగి వస్తుందా, ఏ పరిస్థితిలో వస్తుందన్నది యూనిట్‌లో ముందే కనుక్కోవాలి.

ప్రభుత్వాసుపత్రి తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద అక్కడ ప్రసవం, సిజేరియన్, మందులు, పరీక్షలు, భోజనం అన్నీ ఉచితమే. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున గర్భిణులకు డాక్టరు పరీక్షలు చేసే పద్ధతి 2016 నుంచి దేశమంతటా ఉంది. కొత్త ఊళ్లో ఎవరూ తెలియకపోతే, ఆ తేదీ గుర్తుపెట్టుకుంటే చాలు.

సంచీలో ఉండాల్సినవి

సామాను లారీలో వెళుతుంది. ఒక్క సంచీ మాత్రం చేతిలోంచి దిగకూడదు. అందులో ఇవి ఉండాలి:

* ఏఎన్‌ఎం ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు. రాష్ట్రం మారినా అది పనికొస్తుంది. టీడీ టీకా ఎప్పుడు వేశారో, రక్తం ఎంత ఉందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

* స్కానింగ్ రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం, వాడుతున్న మందుల చీటీ. అన్నిటికీ ఫోన్‌లో ఫొటోలు.

* డిపెండెంట్ కార్డు, ఆధార్, భర్త సర్వీసు నంబరు, యూనిట్ చిరునామా.

* ఒక నెలకు సరిపడా ఐరన్, కాల్షియం మాత్రలు. దిగిన రోజే మందుల షాపు వెతకాల్సిన పనుండదు.

రైల్లో గర్భిణులకు కింది బెర్తు కోటా ఉంది. డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని రిజర్వేషన్ కౌంటరులో అడగాలి. గంటా రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు గర్భిణులకు ఎక్కువ. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయకూడదు. కారులో అయితే సీటు బెల్టు పొట్ట మీద నుంచి కాదు, పొట్ట కింద నుంచి పెట్టుకోవాలి. విమానమైతే, చివరి నెలల్లో చాలా సంస్థలు డాక్టరు పత్రం అడుగుతాయి. నెలలు నిండాక ఎక్కనివ్వవు. టిక్కెట్టు కొనేముందే ఆ నిబంధన చదువుకోవాలి.

కొత్త డాక్టరుకు చెప్పాల్సిన ముక్క

పఠాన్‌కోట్‌లోనో జోధ్‌పూర్‌లోనో కూర్చున్న డాక్టరుకు మారేడుమిల్లి ఎక్కడుందో తెలియకపోవచ్చు. అందుకే మనమే చెప్పాలి, 'మాది మన్యం' అని. ఏజెన్సీలో మలేరియా ఎక్కువ. పుట్టింటి నుంచి తిరిగి వెళ్లాక జ్వరమొస్తే, ఆ ఒక్క మాటతో డాక్టరు ముందు రక్తపరీక్ష రాస్తారు. గర్భిణికి మలేరియా సోకితే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. రెండోది సికిల్‌సెల్. గిరిజన ప్రాంతాల్లో ఈ రక్తదోషం ఎక్కువ కనిపిస్తుంది కాబట్టే కేంద్రం 2023 జులైలో దీని నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కార్డూ సంచీలో పెట్టండి. చేయించుకోకపోతే అడిగి చేయించుకోండి. భార్యకు ఆ లక్షణం ఉందని తేలితే భర్తకూ పరీక్ష అవసరం. ఇద్దరిలోనూ ఉంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

నాన్న సెలవు

జవానుకు సాధారణంగా ఏడాదిలో 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. డాక్టరు చెప్పిన తేదీకి సరిగ్గా సెలవు పెట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. కానీ ఆ తేదీనే పుట్టే పిల్లలు నూటికి అయిదుగురే! మొత్తం సెలవు ఒకేసారి వాడేసి, బిడ్డ పుట్టేలోపే తిరుగు రైలు ఎక్కిన నాన్నలకు లోటు లేదు. సెలవును రెండు ముక్కలు చేసుకోవడం మేలు. నొప్పుల కబురు అందాక కొంత, బాలింతనూ బిడ్డనూ కొత్త ఊరికి తీసుకెళ్లేటప్పుడు కొంత. నాన్న రాలేని రోజు కూడా వస్తుంది. ఆ రోజు ఆసుపత్రి కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలి, రక్తం కావాలంటే ఎవరిస్తారు, బండి ఎవరిది... ఈ మూడు పేర్లు ఏడో నెలలోనే రాసి గోడకు అంటించాలి. ఏజెన్సీలో ఫోన్ సిగ్నల్ అందని ఊళ్లుంటాయి. 108కి ఫోన్ చేయాలంటే సిగ్నల్ ఏ మలుపులో దొరుకుతుందో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

తల్లే సైనికురాలైతే? ఆ రోజులూ వచ్చాయి. మిలిటరీ పోలీసు విభాగంలో మహిళా జవాన్ల తొలి జట్టు 2021లో శిక్షణ పూర్తి చేసుకుంది. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవులు మహిళా అధికారులకు ఎలా ఉన్నాయో ర్యాంకుతో పనిలేకుండా మహిళా సైనికులందరికీ అలాగే ఇచ్చే ప్రతిపాదనకు 2023 నవంబరులో రక్షణ మంత్రి ఆమోదం తెలిపారు.

బిడ్డ పేరు యూనిట్‌కు చేరాలి

పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్ బి టీకా, దాంతోపాటే బీసీజీ, పోలియో చుక్కలు పడాలి. 21 రోజుల్లోపు జనన నమోదు చేయించాలి. అది బిడ్డ పుట్టినచోటే జరగాలి తప్ప, నాన్న పోస్టింగు ఉన్న ఊళ్లో కాదు. ఆ సర్టిఫికెట్ అందగానే యూనిట్‌కు పంపాలి. బిడ్డ పేరు పార్ట్ టూ ఆర్డర్‌లోకి ఎక్కితేనే వైద్యం నుంచి రేపటి రైలు వారంటు దాకా అన్నీ వస్తాయి. బారసాలకు పిలిచే చుట్టాల జాబితా రాసేముందు ఆ కవరు పోస్టులో పడాలి.

బదిలీ ఏ నెలలో వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎక్కడ కనాలన్నది మాత్రం భార్యాభర్తలు కూర్చుని ముందే తేల్చుకోవచ్చు. ఆ సంభాషణ అయిదో నెలలో జరిగితే నిర్ణయం అవుతుంది. తొమ్మిదో నెలలో జరిగితే కంగారు అవుతుంది.