పదో తరగతి తర్వాత ఏ గ్రూపు? ఎంపికలో, తొలి నెలల్లో పిల్లలకు ఎదురయ్యేదేమిటి?

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు బంధువులు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని మార్కులు?’ అయితే, రెండోది ‘ఏ గ్రూపు?’. చాలా ఇళ్లలో ఈ రెండో ప్రశ్నకు జవాబు ఫలితాల కంటే ముందే ఖరారవుతుంది. పరీక్షలు ముగియకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటికి వస్తారు. ఇప్పుడు చేరితే ఫీజులో రాయితీ అంటారు. కొంత అడ్వాన్సు కట్టించుకుని వెళ్తారు. పదిహేనేళ్ల పిల్లవాడు లేదా పిల్ల రాబోయే రెండేళ్లు ఏం చదవాలో ఆ కాసేపట్లో తేలిపోతుంది.

ఈ నిర్ణయం చిన్నదేమీ కాదు. అలాగని చాలామంది భయపడేటంత తిరుగులేనిదీ కాదు. గ్రూపు ఏ దారులను నిజంగా మూసేస్తుంది, వేటిని మూయదు, చేరిన మొదటి మూడు నెలల్లో బాగా చదివే పిల్లలు సైతం ఎందుకు తడబడతారు అన్నవి విడివిడిగా చూస్తే ఈ తేడా అర్థమవుతుంది.

గ్రూపుల నేపథ్యం

దేశంలో 10+2+3 విధానాన్ని 1964–66 మధ్య పనిచేసిన కొఠారీ కమిషన్ సూచించింది. 1968 జాతీయ విద్యావిధానం దాన్ని ఆమోదించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు ఏడాది పీయూసీ ఉండేది. 1969–70 నుంచి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో ప్రత్యేకంగా ఇంటర్ బోర్డు ఏర్పడింది. చాలా రాష్ట్రాల్లో 11, 12 తరగతులు బడిలోనే ఉంటాయి. మన దగ్గర అవి ‘కాలేజీ’ అయ్యాయి. పదో తరగతి దాటిన పిల్లలకు భవనం, ఉపాధ్యాయులు, స్నేహితులు, చాలాసార్లు ఊరు కూడా ఒక్కసారిగా మారిపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

మరో తేడా సబ్జెక్టుల కూర్పులో ఉంది. సీబీఎస్‌ఈలో నిబంధనల ప్రకారం కొంత కలిపి ఎంచుకునే వీలుంది. గణితం, జీవశాస్త్రం రెండూ చదివేవాళ్లు అక్కడ చాలాకాలంగా ఉన్నారు. మన దగ్గర ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అని ముందే కట్టిన మూటలుంటాయి. గణితమూ చరిత్రా ఇష్టమైన విద్యార్థికి సరిపోయే మూట సులువుగా దొరకదు. అందుకే మన పిల్లలు ఎంచుకునేది సబ్జెక్టుల్ని కాదు, గ్రూపుని. ఇంట్లోవాళ్ల లెక్కలో అది గ్రూపు కూడా కాదు, ఉద్యోగం. ఎంపీసీ అంటే ఇంజనీరు, బైపీసీ అంటే డాక్టరు, సీఈసీ అంటే కామర్సు. హెచ్‌ఈసీ అంటే మార్కులు రానివాళ్లు చేరేదన్న చిన్నచూపు ఇంకా పోలేదు.

మూసుకునే దారులు, మూసుకోనివి

నిజంగా మూసుకునే దారులు కొన్ని ఉన్నాయి. బైపీసీ తీసుకుంటే బయోటెక్నాలజీ వంటి కొన్ని శాఖలు తప్ప మామూలు బీటెక్ సీటు దొరకదు. ఎంపీసీ తీసుకుంటే జీవశాస్త్రం లేకుండా నీట్ రాయలేరు. ఎన్డీఏలో వైమానిక, నౌకాదళ విభాగాలకు భౌతికశాస్త్రం, గణితం కావాలి. ఆర్కిటెక్చర్‌ వైపు వెళ్లాలన్నా గణితం అవసరం.

ఇక మూసుకుంటాయని అనుకునేవి, మూసుకోనివి ఎక్కువ. బీఫార్మసీ, ఫార్మ్‌డీ కోర్సులకు ఎంపీసీ, బైపీసీ విద్యార్థులిద్దరూ అర్హులే. అయిదేళ్ల న్యాయవిద్యకు నిర్వహించే క్లాట్‌ను ఏ గ్రూపువారైనా రాయొచ్చు. సీఏ ఫౌండేషన్‌కు కామర్సు చదివి ఉండాలన్న షరతు లేదు. ఐఐఎం ఇండోర్ నడిపే అయిదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సుకూ గ్రూపు అడ్డం కాదు. ఎన్డీఏలో సైనికదళ విభాగానికి ఏ గ్రూపుతోనైనా పోటీపడొచ్చు. ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ డిగ్రీకి పదో తరగతి స్థాయి గణితం, ఇంగ్లీషు చాలు. సివిల్ సర్వీసులకు ఏదో ఒక డిగ్రీ ఉంటే సరిపోతుంది.

ఈ రెండింటి మధ్య, ఆలస్యంగా తెలిసి బాధపెట్టేవి కొన్ని ఉంటాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలంటే సీయూఈటీలో గణితం రాయాలి. లెక్కలంటే భయపడి ఎంఈసీకి బదులు సీఈసీలో చేరిన విద్యార్థికి ఆర్థికశాస్త్రం మీద ఇష్టం పుట్టాక ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది తక్కువ. అందుకే ఏదైనా సబ్జెక్టును వదిలేసే ముందు, అది లేకుండా ఏయే కోర్సులు పోతాయో రాసి చూసుకోవడం ‘ఏ గ్రూపుకి స్కోపు ఎక్కువ’ అని పదిమందిని అడగడం కన్నా మేలు.

ఇంటర్ ఒక్కటే మార్గం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరి, ఆ తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి తర్వాతే ఆరేళ్ల సమీకృత కోర్సు మొదలవుతుంది.

తొలి మూడు నెలలు

పదిలో తొంభై శాతం తెచ్చుకున్న విద్యార్థికి ఇంటర్ మొదటి యూనిట్ టెస్టులో సగం మార్కులు కూడా రాకపోవడం ప్రతి కాలేజీలో కనిపించేదే. ఇంట్లో దాన్ని ‘కాలేజీకి వెళ్లాక చెడిపోయాడు’ అంటారు. పిల్లలు ‘నాకు బుర్ర లేదు’ అనుకుంటారు. చాలాసార్లు రెండూ నిజం కావు. పాఠ్యక్రమమే అలా ఉంది.

పదిలో సైన్సు ఒక సబ్జెక్టు. తెలంగాణలో ఇప్పటివరకు ఉన్న పద్ధతిలో బైపీసీలో అదే వృక్ష, జంతు, భౌతిక, రసాయన శాస్త్రాలుగా నాలుగవుతుంది. ఎంపీసీ మొదటి ఏడాదిలో గణితమే 1ఏ, 1బీ అని రెండు పేపర్లు. పదిలో ఒక సూత్రం తెలిస్తే లెక్క తేలేది. ఇక్కడ ఏ సూత్రం ఎందుకు వాడాలో ముందు తేల్చుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. దాన్ని పిల్లలకు ముందుగా ఎవరూ చెప్పరు. భౌతికశాస్త్రంలో తొలి అధ్యాయాల్లోనే సరళరేఖా గమనం, సమతలంలో గమనం వస్తాయి. అవి అర్థం కావాలంటే సదిశలు, అవకలనం తెలిసుండాలి. గణితంలో సదిశలు వచ్చేసరికి ప్రమేయాలు, మాత్రికలు పూర్తవ్వాలి. అవకలనమైతే 1బీలో సరళరేఖలు, అవధులు దాటాక గానీ రాదు. అంటే ఫిజిక్స్ అధ్యాపకుడు జూన్‌లో వాడే పనిముట్టును లెక్కల అధ్యాపకుడు కొన్ని నెలల తర్వాత చేతికిస్తాడు. ఆ మధ్యకాలంలో విద్యార్థి సూత్రాలను బట్టీపట్టి నెట్టుకొస్తాడు. బైపీసీ వాళ్లకు ఇబ్బంది మరీ ఎక్కువ. వాళ్లకు గణితం క్లాసే ఉండదు, భౌతికశాస్త్రం మాత్రం ఉంటుంది. లెక్కలు తప్పించుకోవడానికే బైపీసీ తీసుకున్నవాళ్లకు ఈ సంగతి మొదటి నెలలోనే తెలుస్తుంది.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలది మరో కష్టం. ‘త్వరణం’ అంటే తెలిసిన విద్యార్థికి ‘యాక్సిలరేషన్’ కొత్త పాఠంలా వినిపిస్తుంది. విషయం తెలిసే ఉన్నా పేరు తెలియక చేయి ఎత్తరు. పదోతరగతి పారిభాషిక పదాలకు ఇంగ్లీషు మాటల్ని ఒక నోటుబుక్కులో రాసుకోవడం సెలవుల్లోనే అయిపోయే పని. దానికి కోచింగ్ అక్కర్లేదు.

రెండో భాష ఎంపికలోనూ లెక్క వేరే. చాలామంది సంస్కృతం తీసుకునేది ఆ భాష మీద ఇష్టంతో కాదు, మార్కులు సులువుగా వస్తాయని. పదేళ్లు చదివిన తెలుగు అక్కడితో ఆగిపోతుంది. ఈ లాభనష్టాల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. అది కాలేజీవాళ్లు ఫారంలో పెట్టే టిక్కుతో ముగుస్తుంది.

గ్రూపు మారాలనిపిస్తే

మొదటి నెలలో కష్టంగా ఉందంటే గ్రూపు తప్పని అనుకోవడానికి లేదు. రెండు ప్రశ్నలు వేసుకుంటే కొంత స్పష్టత వస్తుంది. పాఠం అర్థం కావడం లేదా, లేక అర్థమైనా ఆసక్తి పుట్టడం లేదా? మొదటిది సర్దుకునే సమస్య. పదో తరగతి పునాది చూసుకుని, అధ్యాపకుణ్ని అడిగి, రెండు మూడు నెలలు ఓపిక పడితే చాలామందికి దారిలో పడుతుంది. రెండోది నిజమైతే, అంటే అర్థమైన అధ్యాయాన్ని కూడా మళ్లీ తెరవాలని అనిపించకపోతే, మార్పు గురించి ఆలోచించాలి.

అలా ఆలోచించేవాళ్లు ఆలస్యం చేయకూడదు. ప్రవేశాల గడువులోగా గ్రూపు మార్చుకోవడం సులువు. పరీక్ష ఫీజు కట్టాక చాలా కష్టం. ఒక ఏడాది పూర్తయ్యాక మారాలంటే మళ్లీ మొదటి ఏడాది చదవాల్సి వస్తుంది. ‘కట్టిన ఫీజు పోతుంది’ అన్న మాట చాలా ఇళ్లలో మార్పును ఆపేస్తుంది. కాబట్టి చేరే ముందే, గ్రూపు మారితే, మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారో కాలేజీవాళ్ల చేత కాగితం మీద రాయించుకోవాలి.

మారుతున్న నిబంధనలు

గ్రూపుల గోడలు కొంత పలచబడుతున్నాయి. ఉన్నత పాఠశాల దశలో కళలు, విజ్ఞానశాస్త్రాల మధ్య కఠినమైన విభజన ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా చదివి పాసైనవాళ్లూ నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. అంటే ఎంపీసీతో మూసుకుపోయిన దారి కష్టంగానైనా మళ్లీ తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025–26 నుంచి గణితం, జీవశాస్త్రం కలిపి చదివే ఎంబైపీసీని తెచ్చింది. రెండో భాష స్థానంలో మరో సబ్జెక్టు ఎంచుకునే వీలూ కల్పించింది.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇదే వయసులో ‘సిక్స్త్ ఫార్మ్’లో చేరతారు. అక్కడ గ్రూపులుండవు. సాధారణంగా మూడు సబ్జెక్టులు ఎంచుకుని రెండేళ్లు ఏ–లెవెల్స్ చదువుతారు. గణితం, చరిత్ర, జీవశాస్త్రం కలిపి తీసుకున్నా తప్పుపట్టేవారుండరు. కానీ పదహారేళ్లకే మూడు సబ్జెక్టులకు కుదించుకోవడం వల్ల మిగతావి పూర్తిగా వదిలేయాల్సి వస్తుంది. స్వేచ్ఛ ఉన్నచోట కూడా ఏది వదులుకోవాలన్న బాధ తప్పడం లేదు.

మార్కుల కన్నా ముందు చూడాల్సింది

తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ఇంటర్ మార్కుల వెయిటేజీని 2023లో తీసేశారు. ఇప్పుడు ర్యాంకే అన్నీ నిర్ణయిస్తుంది. దాంతో కాలేజీ టైంటేబుల్ అంతా ప్రవేశపరీక్ష చుట్టూ తిరుగుతోంది. ఇంటికి దూరంగా హాస్టల్లో, తెల్లవారకముందు మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్ల మధ్య కొత్త గ్రూపుకి అలవాటు పడటం పదిహేనేళ్ల పిల్లలకు మామూలు పరీక్ష కాదు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీని, 2017లో చక్రపాణి కమిటీని వేశారు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. వంద లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలని, మార్కుల ఆధారంగా పిల్లలను బ్యాచులుగా విడగొట్టి అవమానించరాదని వాటిలో ఉంది.

కాలేజీ చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు గోడమీది ర్యాంకుల ఫ్లెక్సీతో పాటు ఈ రెండూ అడగాలి: కౌన్సెలర్ ఎవరు? సెక్షన్లు ఎలా విడగొడతారు? సమాధానం తడుముకుంటూ వస్తే అదీ ఒక సమాధానమే. చేరాక మొదటి మూడు నెలల ఫోన్లలో ‘ఎన్ని మార్కులొచ్చాయి’ అనే ముందు ‘పాఠం ఎవర్ని అడుగుతున్నావు, అన్నం ఎవరితో తింటున్నావు’ అని అడిగితే పిల్లల స్థితి ఎక్కువగా తెలుస్తుంది. నిద్రపట్టడం లేదని, ఇంటికి వచ్చేస్తానని పదేపదే అంటే దాన్ని బద్ధకంగా కొట్టిపారేయకూడదు. మానసిక సహాయం కోసం కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

గ్రూపు తప్పితే ఒక ఏడాది పోవచ్చు. ఆ ఏడాదిని మళ్లీ సంపాదించుకోవచ్చని, చేరే రోజే ఇంట్లో ఎవరో ఒకరు పిల్లలకు చెప్పి ఉంచాలి.